నలభై ఆరు రోజుల నగరం: నాంపల్లి మనకు నేర్పే పాఠం



క్రిస్మస్ పశువులపాక ఇంకా తీయకముందే మన హైదరాబాదు కుటుంబాలలో పిల్లలు ఒక ప్రశ్న మొదలుపెడతారు: "డాడీ, నుమాయిష్‌కు ఎప్పుడు పోదాం?" మనం పోతాం. రంగులరాట్నం ఎక్కుతాం, మిర్చి బజ్జీలు తింటాం, కశ్మీరు శాలువాల దగ్గర బేరమాడతాం, కాళ్ళు నొప్పిపుట్టాక ఇంటికి వస్తాం. కాని ఆ సందడి అంతా ఎవరు సర్దారు, ఎప్పుడు సర్దారు, ఎలా సర్దారు అని ఆలోచించేవారు మనలో తక్కువ.

జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు, సరిగ్గా 46 రోజులు, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఒక చిన్న నగరం నిలబడుతుంది. దానికి వీధులు, దీపాలు, నీళ్ళు, మరుగుదొడ్లు, పోలీసులు, ప్రథమ చికిత్స కేంద్రాలు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు, అన్నీ ఉంటాయి. గడువు ముగియగానే ఆ నగరం మూటకట్టుకొని వెళ్ళిపోతుంది. తక్కువ కాలం కోసం, తేదీ మార్చడానికి వీలులేని పనిని, ఎక్కువమంది జనం కోసం చేయడం ఒక ప్రత్యేకమైన విద్య. మన విచారణ పండుగ, ఇంట్లో పెండ్లి, యువజన సమ్మేళనం, గుణదల తిరునాళ్ళకు బస్సు కట్టించుకొని పోవడం, ఇవన్నీ ఈ కోవలోనివే. ఈ వారం ఆ విద్యను గూర్చి కొంచెం నేర్చుకుందాం.

ముందు నా తప్పు

పాఠం చెప్పేవాడు తన తప్పుతో మొదలుపెట్టడం మంచిది. చాలా సంవత్సరాల క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో పండుగ జరిగింది. పూజకు, భోజనానికి సుమారు రెండువేల మంది వచ్చారు. ముందురోజు సాయంత్రం షామియానా వేయడానికి వచ్చిన ముసలాయన నా దగ్గరకు వచ్చి, "ఫాదర్, ఈ గుంజ ఈడ పాతితే రేపు బండి లోపటికి రాదు. నాలుగడుగులు జరుపుదామా?" అని అడిగాడు. నేను పూజ పాటల పుస్తకాల హడావిడిలో ఉన్నాను. "ఫొటోలో అందంగా రావాలి, అక్కడే పాతు తాతా" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు.

మరునాడు పదకొండు గంటలకు ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చాడు. "ఫాదర్, ట్యాంకర్ అచ్చింది గానీ లోపటికి రాదు!" నీళ్ళు గేటు బయట ఉన్నాయి, వంట గేటు లోపల ఉన్నది. యువకులు బిందెలతో మోశారు. అన్నం ఆలస్యమైంది. ఎండలో కూర్చున్న ఒక అమ్మమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. అంబులెన్సు వచ్చింది, అదీ ఆ గుంజ దగ్గరే ఆగింది. నలుగురు పిల్లలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, జనాన్ని తోసుకుంటూ బయటకు మోసుకుపోయారు. దేవుని దయవలన ఆమె కోలుకున్నది. కాని ఆ పది నిమిషాలు నేను మరచిపోలేదు. డబ్బు తక్కువైనందువలన గాని, భక్తి తక్కువైనందువలన గాని ఇది జరగలేదు. ఒక గుంజను నాలుగడుగులు జరపనందువలన జరిగింది.

వివేకానికి మూడు చూపులు

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వినాసు గారు వివేకమనే సుగుణాన్ని గూర్చి వ్రాసింది చదివాము. ఆయన వివేకానికి ఎనిమిది భాగాలు చెప్పారు. వాటిలో జ్ఞాపకశక్తి ఉన్నది, ముందుచూపు ఉన్నది, చుట్టూ ఉన్న పరిస్థితులను గమనించడం ఉన్నది, జాగ్రత్త ఉన్నది. ఇతరులు చెప్పింది వినయంతో వినడం కూడా ఉన్నది. అప్పుడు అవి పరీక్షకు బట్టీపట్టిన మాటలు. షామియానా గుంజ దగ్గర వాటి అర్థం తెలిసింది. మన తెలుగులో చెప్పుకోవాలంటే వెనుకచూపు, ముందుచూపు, చుట్టుచూపు. ఈ మూడింటికి తోడు జాగ్రత్త, వినయం. నాంపల్లి మైదానాన్ని ఈ చూపులతోనే చూద్దాం.

వెనుకచూపు: పోయిన ఏటి పుస్తకం

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పటి పేరున బాగ్-ఎ-ఆమ్‌లో, మొదలైంది. ఉస్మానియా పట్టభద్రులు కొందరు స్థానిక వస్తువులను జనానికి చూపించాలని తలపెట్టారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. అప్పుడు సుమారు వంద దుకాణాలు, పది రోజులు మాత్రమే. ఎనిమిదేండ్ల తరువాత, 1946లో, ఇప్పుడున్న మైదానానికి మారింది. 1947, 1948లలో జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారి చేతులమీదుగా మళ్ళీ మొదలైంది. నేడు దేశం నలుమూలల నుండి వచ్చే దుకాణాలు రెండువేలకు పైగా ఉంటాయి.

వంద దుకాణాలు రెండువేలు కావడం ఒక్క ఏడాదిలో జరిగింది కాదు. ఏ దారిలో జనం కిక్కిరిసిపోయారు, ఏ మూల నీళ్ళు నిలిచాయి, ఏ గేటు దగ్గర తోపులాట అయింది అన్నది గుర్తుంచుకొని మరుసటి ఏడు సరిదిద్దుకునేవారికే పని పెరిగినా చేయి పట్టు తప్పదు. మన విచారణలలో పండుగ అయిన మరునాడు లెక్కలు చూసుకుంటాం, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని. అది మంచిదే. కాని ఎన్ని కిలోల బియ్యం వండాము, ఎంత మిగిలింది, ఎన్ని గంటలకు నీళ్ళు అయిపోయాయి, ఏ లైటు ఆరిపోయింది అని ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టే విచారణలు ఎన్ని? విచారణ గురువు బదిలీ అయితే అనుభవం ఆయన వెంట వెళ్ళిపోతుంది. పుస్తకం ఉంటే విచారణలోనే ఉండిపోతుంది. పండుగ అయిన వారంలోపలే, జ్ఞాపకం చల్లారకముందే వ్రాయాలి.

ముందుచూపు: వెనుక నుండి ముందుకు లెక్క

అదే నాంపల్లి మైదానంలో జూన్ నెలలో మరొక పెద్ద కార్యక్రమం జరుగుతుంది. మృగశిర కార్తె ప్రవేశించే సమయానికి బత్తిని కుటుంబంవారు ఉబ్బసం రోగులకు చేప ప్రసాదం ఇస్తారు. పూర్వం పాతబస్తీలోని దూద్‌బౌలిలో ఇచ్చేవారు. దానివలన ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. కనుక మనలో ఉబ్బసం ఉన్నవారు డాక్టరు ఇచ్చిన మందును, పీల్చే ఇన్‌హేలరును ఎన్నడూ మానరాదు. అయితే ఆ ఏర్పాట్లను మాత్రం గమనించవలసిందే.

ఆలోచించండి. ఒక రోగి, బ్రతికున్న ఒక చిన్న కొరమీను పిల్ల, ఒక ముద్ద మందు, ఈ మూడూ ఒకే చోట ఒకే క్షణంలో కలుసుకోవాలి. ఇది వేలాదిసార్లు, సుమారు ఒక్క దినంలో జరగాలి. మందు ఉండి చేప లేకపోతే వరుస ఆగిపోతుంది. చేప ఉండి జనం అటువైపు రాలేకపోతే చేప చచ్చిపోతుంది. కనుక చేపపిల్లలను సమకూర్చే పని మత్స్యశాఖది, వరుసలు కట్టించే పని పోలీసులది, నీళ్ళు, భోజనం అందించే పని స్వచ్ఛంద సంస్థలది అని ముందే పంచుకుంటారు. చేపను తీసుకునే చోటు వేరు, ప్రసాదం ఇచ్చే చోటు వేరు. కొరమీను గాలిని కూడా పీల్చుకోగల చేప కావడం కొంత మేలు. మాంసాహారం తిననివారికి బెల్లంలో పెట్టి ఇస్తారు. కోవిడ్ వలన మూడేండ్లు ఆగి, 2023 జూన్‌లో ఇది మళ్ళీ జరిగింది.

ఇందులో నేర్చుకోవలసింది ఏమంటే, ఏది లేకపోతే అంతా ఆగిపోతుందో దానిని మొదట గుర్తించాలి. పిమ్మట జరగవలసిన గడియ నుండి వెనుకకు లెక్క కట్టాలి. మన పండుగ భోజనాన్నే తీసుకుందాం.

మధ్యాహ్నం 12.30కు వడ్డన మొదలు కావాలి.
బగార అన్నం 12.00కు దిగాలి.
కనుక పొయ్యిలు 10.00కు వెలగాలి.
కనుక నీళ్ళు 8.00కు గంగాళాల్లో నిండి ఉండాలి.
కనుక ట్యాంకరు 6.30కు, జనం రాకముందే, లోపలికి వచ్చి వెళ్ళిపోవాలి.
కనుక దారి ముందురోజు రాత్రే ఖాళీగా ఉండాలి.
కనుక గుంజలు ఆ దారిని విడిచి పాతాలి.

చూశారా, లెక్క ముందు నుండి కడితే గుంజ విషయం ఎక్కడా కనబడదు. వెనుక నుండి కడితే అదే మొదటి పని అవుతుంది. పెండ్లి చేసే తల్లిదండ్రులు ఈ విధంగా ఒక తెల్లకాగితం మీద వ్రాసుకుంటే ఆ రోజు సగం కేకలు తగ్గుతాయి.

ముందుచూపు అంటే అనుకున్నది జరగకపోతే ఏమి చేయాలో కూడా అనుకోవడం. నుమాయిష్ 2021లో కోవిడ్ వలన జరగలేదు. 2022లో జనవరి 1న తెరిచి, ఆంక్షలవలన వెంటనే మూసి, ఫిబ్రవరి 25న మళ్ళీ తెరిచారు. 2025లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారి మృతికి సంతాపదినాల కారణంగా జనవరి 3న మొదలైంది. ఎనభై ఏండ్లు పైబడిన కార్యక్రమానికే తేదీలు కదిలిపోయాయి. మన పండుగనాడు వాన పడితే ఎక్కడ కూర్చుంటాం, కరెంటు పోతే జనరేటరు నడిపేది ఎవరు, డీజిలు ఎక్కడున్నది, ఇవి ముందురోజే తేలిపోవాలి. జనరేటరును ఊరికే వెలిగించి చూస్తే చాలదు. అన్ని దీపాలు, మైకులు కలిపి అరగంట నడిపి చూడాలి.

చుట్టుచూపు: గేట్లు, వరుసలు, మనుషులు

జనం ఎక్కువైనప్పుడు భక్తికి, క్రమశిక్షణకు కూడా ఒక హద్దు ఉంటుంది. జనసమూహాలను అధ్యయనం చేసినవారు చెప్పేదేమంటే, ఒక చదరపు మీటరు చోటులో నలుగురు నిలబడేవరకు ఎవరి అడుగు వారు వేయగలరు. ఆరేడుగురు అయ్యేసరికి మనిషి తన ఇష్టం వచ్చినట్లు కదలలేడు, ప్రవాహంలో పడిన ఆకువలె కొట్టుకుపోతాడు. తొక్కిసలాటలో చాలామంది చనిపోయేది కాళ్ళకింద పడి కాదు, నిలబడినచోటనే ఊపిరి ఆడక. కనుక "ఎవరూ తోసుకోవద్దు" అని మైకులో ఎంత అరచినా, చోటు లేనప్పుడు ప్రయోజనం లేదు. చోటు ముందే చేయాలి.

లెక్క చాలా సులభం. చదును నేలమీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి సుమారు 80 మంది నడిచిపోగలరు. రెండు మీటర్ల గేటులో 160 మంది. మన ఆవరణలో 3,000 మంది ఉంటే, ఒక్క గేటు తెరిచినప్పుడు అందరూ బయటపడటానికి దాదాపు 19 నిమిషాలు పడుతుంది. అటువంటివే మూడు గేట్లు తెరిస్తే ఆరు నిమిషాల పైచిలుకు. స్కూటర్లు నిలపడానికి తాళం వేసిన ఆ వెనుక గేటు విలువ ఎంతో ఇప్పుడు తెలిసిందా?

దివ్యసత్ప్రసాదం పంచడంలోను ఇదే లెక్క. ఒకరు నిమిషానికి 15 మందికి పంచగలరనుకుంటే, 3,000 మందికి పదిమంది పంచితే 20 నిమిషాలు, నలుగురే పంచితే 50 నిమిషాలు. భోజనంలో ఒక్కో ప్లేటుకు అయిదు సెకండ్లు పడితే ఒక వరుసలో నిమిషానికి 12 మంది. 2,000 మందికి ఒకే వరుస అయితే దాదాపు మూడు గంటలు, నాలుగు వరుసలైతే ముప్పావు గంటలోపు. వంట మాస్టరు ఎంత గొప్పవాడైనా ఒకే వరుస పెడితే ఆకలి కోపంగా మారుతుంది. ఒకే బల్లకు రెండు వైపుల నుండి వడ్డిస్తే రెండు వరుసలు అవుతాయి. అదనపు ఖర్చు ఏమీ లేదు.

నుమాయిష్‌లో మరొక మంచి పద్ధతి ఉన్నది. ఒక రోజును స్త్రీలకే కేటాయిస్తారు. అంటే అందరినీ ఒకేసారి రమ్మనకుండా జనాన్ని కాలంలో పంచడం. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఇటువైపు వచ్చిన తరువాత గాంధీభవన్, నాంపల్లి స్టేషన్లనుండి నడిచివచ్చేవారు పెరిగారు. నుమాయిష్ రోజులలో రాత్రి రైళ్ళ సమయం పొడిగించిన సందర్భాలు కూడా ఉన్నాయి. జనం రావడం ఒక్కటే మన బాధ్యత కాదు, వారు ఇల్లు చేరడం కూడా మన బాధ్యతే. సాయంత్రపు ప్రదక్షిణ ఆలస్యమై ఆఖరి బస్సు తప్పిపోయిన కుటుంబం మన పండుగను ఎలా తలచుకుంటుంది?

జాగ్రత్త: ఒక రాత్రి జరిగినది

2019 జనవరి 30, బుధవారం రాత్రి నుమాయిష్‌లో నిప్పు అంటుకున్నది. షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చునని అప్పుడు అనుమానించారు. బట్టలు, చెక్క, ప్లాస్టిక్ పక్కపక్కన ఉన్న దుకాణాలు ఒకదాని నుండి ఒకటి అంటుకొని వందకు పైగా బూడిద అయ్యాయి. దూర రాష్ట్రాల నుండి వచ్చిన వర్తకులు తమ ఏడాది సరుకును కళ్ళముందే పోగొట్టుకున్నారు. వేలాదిమంది లోపల ఉన్న వేళ అది. అయినా ఒక్క ప్రాణం పోలేదు. దానికి మనం దేవునికి కృతజ్ఞత చెప్పాలి. కాని కృతజ్ఞతతో ఆగిపోకూడదు. ఆ తరువాత ఈ విషయం హైకోర్టు దాకా పోయింది. మైదానంలో నీటి తొట్లు, అగ్నిమాపక గొట్టాలు ఏర్పాటయ్యాయి, అగ్నిమాపక శాఖ అనుమతి లేనిదే తెరవరాదన్న పట్టుదల పెరిగింది.

మన పండుగలలో కూడా బట్ట షామియానా, కొవ్వొత్తులు, గ్యాసు పొయ్యిలు, తాత్కాలిక వైర్లు ఒకే ఆవరణలో ఉంటాయి. వంటను షామియానాకు దూరంగా పెట్టండి. కొవ్వొత్తులకు ఇసుక పోసిన వేరే చోటు చూపండి. వైర్ల కీళ్ళకు టేపు చుట్టి, జనం కాళ్ళకు తగలకుండా ఎత్తున కట్టించండి. అగ్నిమాపక సిలిండరు వాడటం తెలిసినవాడు ఒక్కడైనా దాని పక్కన ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అంబులెన్సు దారిలో ఒక్క కుర్చీ కూడా పడనీయవద్దు. ఆ దారికి కాపలా పెట్టిన యువకుడు పూజకు దూరమైనాననుకొని బాధపడనక్కరలేదు.

పని పంచుకోవడం

నిర్గమకాండంలో మోషే మామ యిత్రో తన అల్లుడు ఉదయం నుండి సాయంత్రం దాకా ఒంటరిగా జనానికి తీర్పు చెప్పడం చూసి మందలించాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క పెద్దను నియమించమన్నాడు. మోషే విన్నాడు. దేవునితో మాట్లాడినవాడు మామ మాట విన్నాడు, నేను షామియానా తాత మాట వినలేదు. క్రీస్తు ప్రభువు కూడా ఐదు రొట్టెలను పంచే ముందు జనాన్ని వందేసి, యాభైయేసి మందిగా పచ్చిక మీద కూర్చోబెట్టించారని మార్కు సువార్త చెబుతున్నది. అద్భుతం చేయగలిగిన ప్రభువే వరుసలను విడిచిపెట్టలేదు.

పని పంచేటప్పుడు "యువకులంతా చూసుకుంటారు" అనవద్దు. అందరి పని ఎవరి పనీ కాదు. నీళ్ళకు ఒకరు, గేటుకు ఒకరు, కరెంటుకు ఒకరు, తప్పిపోయిన పిల్లలకు ఒక అక్క, ఇలా ఒక్కో పనికి ఒక్కో పేరు ఉండాలి. ఆ మనిషికి జ్వరం వస్తే చేసే రెండవ పేరు కూడా ఉండాలి. ఎవరినీ అడగకుండా నిర్ణయం తీసుకునే అధికారం వారికి ఇవ్వాలి. గుంజ జరపడానికి కూడా ఫాదర్ అనుమతి కావలసివస్తే పని జరగదు.

విప్పడం కూడా పనే

ఆదివారం ఉదయం గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి కథెడ్రల్‌లో పూజ విని ఆబిడ్స్ వైపు నడిచినవారికి ఒక దృశ్యం తెలుసు. మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు అమ్మేవారు కూర్చుంటారు. ఆదివారం దుకాణాలకు సెలవు గనుక ఆ చోటు వారికి దొరుకుతుంది. సోమవారం దుకాణాలు తెరిచేటప్పటికి అక్కడ వారి ఆనవాలు ఉండరాదు. అందుకే వారి పరుపు, మూట, అమరిక అన్నీ త్వరగా కట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. విప్పడాన్ని దృష్టిలో ఉంచుకొనే వేస్తారన్నమాట.

మనమో, వేయడానికి నలభైమంది ఉంటాము, విప్పడానికి నలుగురు మిగులుతాము. ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన అన్నం మరునాడు పొరుగువారి గుమ్మంలో ఉంటాయి. వారు మన మతస్థులు కాకపోవచ్చు, అయితే మన పండుగను వారు గుర్తుపెట్టుకునేది ఆ చెత్తతోనే. ఐదువేల మంది తిన్న తరువాత శిష్యులు పన్నెండు గంపల ముక్కలు ఏరారు. భోజనం ముగిశాక ఏరే పని కూడా సువార్తలో వ్రాయబడింది. కనుక విప్పే బృందాన్ని ముందే వేరుగా నియమించండి. వారిని వడ్డనకు వాడుకొని అలసిపోనీయవద్దు. వారికి భోజనం మొదటే పెట్టండి.

ఇంటిల్లిపాది చర్చించుకొనుటకు

1. మన విచారణ ఆవరణకు ఎన్ని గేట్లు ఉన్నాయి? పండుగనాడు ఎన్ని తెరుస్తారు? మిగతావాటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?
2. పోయిన ఏడు పండుగలో ఏది తక్కువైంది? అది ఎక్కడైనా వ్రాసి ఉన్నదా?
3. మన ఇంట జరగబోయే శుభకార్యంలో ఏది లేకపోతే అంతా ఆగిపోతుంది? దానిని గూర్చి వెనుక నుండి లెక్క కట్టామా?
4. జనంలో విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మన పిల్లలకు తెలుసా? చిన్నబిడ్డ జేబులో ఫోను నంబరు వ్రాసిన చీటీ పెట్టామా?
5. పనిచేసేవారు చెప్పిన ఏ చిన్నమాటను మనం ఈ ఏడు వినలేదు?

చివరి ప్రశ్న నాకు నేను వేసుకునేది. ఆ పండుగ తరువాత నేను ఆ ముసలాయన దగ్గరకు పోయి, "తాతా, నీ మాట వినకపోతిని, తప్పయింది" అన్నాను. ఆయన నవ్వి, "వచ్చే ఏడు నాలుగడుగులు జరుపుదాం తియ్యి ఫాదర్" అన్నాడు. మరుసటి ఏడు ఆయనే చోటు చూపించాడు. ట్యాంకరు వచ్చి, నీళ్ళు పోసి, జనం రాకముందే వెళ్ళిపోయింది. పోయిన ఏడు పడిపోయిన ఆ అమ్మమ్మ ఆ ఏడు నీడలో, ముందు వరుసలో కూర్చొని భోజనం చేసింది.